నలభై ఎనిమిదో ఏట రిమోట్ కారు

నా నలభై ఎనిమిదో పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఏం కావాలని మా ఆయన అడిగారు. ఏటా అడుగుతారు, ఏటా నేను చీరే అంటాను. ఆ ఏడాది మాత్రం "రిమోట్ కారు" అన్నాను.

టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "ఎవరికి? మీ వార్డులో పిల్లలకా?"

"కాదండీ, నాకే."

"నీకా? ఏం చేసుకుంటావు?"

"నడుపుతాను."

పదమూడేళ్ల మా అమ్మాయి పక్క గదిలోంచి తల బయటికి పెట్టి, "మమ్మీ, సీరియస్‌లీ?" అంది. బాపట్ల వైపు నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్లుగా ఢిల్లీలో నర్సు ఉద్యోగం చేస్తున్నాను. కుక్కర్ రబ్బరు కొనాలన్నా రెండుసార్లు ఆలోచించే మనిషిని. ఆ ఇద్దరూ నన్ను జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

ఆ కోరిక పుట్టింది అంతకు రెండు వారాల ముందు. ఆదివారం పొద్దున జనక్‌పురిలో మా ఇంటి దగ్గరి పార్కులో నడుస్తున్నాను. చలి తగ్గుతూ ఎండ హాయిగా ఉన్న రోజులు. పార్కు మూల ఏదో పని కోసం మట్టి పోసి ఉంది. అక్కడ డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు మంకీ క్యాప్ పెట్టుకుని, చేతిలో రిమోట్‌తో నిలబడి ఉన్నారు. మూరెడు పొడవున్న ట్రక్కు ఒకటి బురుబురుమంటూ ఆ మట్టి దిబ్బ ఎక్కి, గాల్లోకి లేచి, నాలుగు చక్రాల మీద దబ్బున దిగి, ఏమీ జరగనట్టు ముందుకు వెళ్లిపోయింది. నేను పైకే నవ్వేశాను. పిల్లల వార్డులో ముఖం మీద నవ్వు ఉంచుకోవడం నాకు అలవాటే, అది డ్యూటీలో భాగం. కానీ ఇది కడుపులోంచి వచ్చిన నవ్వు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. ఇంటికి వచ్చి దోసెలు పోస్తున్నా ఆ ట్రక్కు కళ్ల ముందు ఎగురుతూనే ఉంది.

పుట్టినరోజు నాడు మా ఆయన నిజంగానే కారు తెచ్చారు. మార్కెట్లో బొమ్మల దుకాణంలో కొన్న ఎర్ర కారు. తలుపులు తెరుచుకుంటాయి, దీపాలు వెలుగుతాయి, మీట నొక్కితే పాట కూడా వస్తుంది. నేను మురిసిపోయాను. అయితే దాన్ని నడపడంలో ఒక తిరకాసు ఉంది. తిప్పితే పూర్తిగా తిరుగుతుంది, లేకపోతే అసలు తిరగదు. వదిలితే పరిగెత్తుతుంది, లేకపోతే ఆగిపోతుంది. కొంచెం అనే మాట దానికి తెలియదు. పదో రోజున హాల్లో సోఫా కాలికి గుద్దుకుంది. తర్వాత మోటారు గుర్రుమంటోంది గానీ చక్రాలు కదలడం లేదు. మా ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నారు. దాన్ని తిరగేసి బోర్లేసి చూశారు.

"స్క్రూలే లేవు. అంతా జిగురు పెట్టి అంటించేశాడు," అన్నారు. కొన్నది ఆయన కాబట్టి ఆ చిన్నబోవడం ముఖంలో కనిపించింది.

మరుసటి ఆదివారం పార్కులో ఆ పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లాను. సంగతి విని ఆయన తన ట్రక్కు బోర్లించి చూపించారు. ప్రతి ముక్కా స్క్రూతో బిగించి ఉంది. "బేటీ, విరగని కారు ఉండదు. విరిగిన ముక్క దొరికే కారు కొనుక్కో," అని, తను కొనే షాపు గుర్తులు చెప్పారు.

అది పాత మార్కెట్ వెనక, ఇరుకు మెట్లెక్కి వెళ్లే ఒంటి గది షాపు. కౌంటర్ వెనక అరవై ఏళ్ల పంజాబీ ఆవిడ, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ, పక్కన చల్లారిపోయిన చాయ్. మా ముగ్గురినీ చూసి ఆవిడ చూపు మా అమ్మాయి మీద ఆగింది. "కారు ఎవరికి? ఈ అమ్మాయికేనా?"

"నాకండీ," అన్నాను.

ఆవిడ కడ్డీని స్టాండులో పెట్టి నన్ను నిండుగా చూసి నవ్వింది. "అచ్ఛా! కూర్చో." మేం మాట్లాడుకున్నదంతా హిందీలోనే, కానీ ఆవిడ మాటలు ఎందుకో నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి.

ఏ కారు కావాలని ఆవిడ అడగలేదు. ఎక్కడ నడుపుతావని అడిగింది. పార్కులో, మట్టిలో, అప్పుడప్పుడు సొసైటీ లోపలి సిమెంటు దారి మీద అని చెప్పాను. విరిగితే ఎవరు బాగు చేస్తారని అడిగింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. "ఠీక్ హై, ముగ్గురూ నేర్చుకుంటారు," అని తనే తీర్మానించింది.

ఈలోగా మా అమ్మాయి గోడకున్న బల్లపరుపు నీలం కారు దగ్గర నిలబడిపోయింది. నేలకు అంగుళం ఎత్తున ఉంది. "మమ్మీ, యే వాలీ! చూడు ఎంత ఫాస్టో రాసుంది!"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది నున్నటి ట్రాక్ మీద నడిచే బండి బేటా. మీ పార్కులో గడ్డి పరక కూడా దాన్ని ఆపేస్తుంది. పైగా మొదటి రోజే అంత వేగం చేతికిస్తే గోడకి కొడతారు, లేకపోతే ఎవరి కాలికో కొడతారు. మొదటి బండి వేగంగా కాదు, గట్టిగా ఉండాలి."

పై అరలోంచి ఒక ట్రక్కు దించింది. లావు టైర్లు, ముందూ వెనకా వెడల్పు బంపర్లు, నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందుతుంది, నీళ్లు పడ్డా ఫర్వాలేదు. రిమోట్‌లో ఒక మీట ఉంది, దాన్ని మారిస్తే బండి సగం వేగం దాటదు. విరిగే ముక్కలు ఎక్కడ దొరుకుతాయని మా ఆయన అడిగితే, వెనకున్న సొరుగు లాగి చూపించింది. చిన్న చిన్న కవర్లలో ఆ బండి చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయి. మా ఆయన ముఖం వెలిగింది. ఆయన ఆఫీసులో కూడా అలాంటి సొరుగు ఒకటుంది.

"బ్యాటరీ?" అని నేను అడిగాను. అసలు నాకు భయం ఉన్నది అక్కడే. పిల్లల వార్డుకు రాకముందు నాలుగేళ్లు కాలిన గాయాల వార్డులో చేశాను. జేబులో పేలిన ఫోను, చార్జింగ్‌లో పెట్టి వదిలేసిన స్కూటర్, వాటి వెనక వచ్చిన మనుషులు నాకు తెలుసు.

ఆ మాట చెప్పగానే ఆవిడ కళ్లజోడు తీసింది. "అయితే నీకు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు సిస్టర్ జీ. భయం ఉన్నవాళ్లే నాకు మంచి కస్టమర్లు," అంది. ఆరు నెలలు నికెల్ బ్యాటరీ వాడమంది. బరువెక్కువ, వేగం తక్కువ, కానీ చిన్న తప్పు చేస్తే క్షమిస్తుందట. చెయ్యి కుదిరాక లిథియం బ్యాటరీకి రమ్మంది. దాన్ని ఈ బళ్లు నడిపేవాళ్లంతా లిపో అంటారు. "అది తేలిక, బలం ఎక్కువ. కానీ క్షమించదు."

ఆ వసంతమంతా మేం పార్కులో ఉన్నాం. మొదట్లో నాకు కుడి ఎడమలు కలిసిపోయేవి. బండి నా నుంచి దూరంగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉండేది, మలుపు తిరిగి నా వైపు వచ్చిందంటే దాని కుడి నా ఎడమ అయిపోయేది. అలా రెండుసార్లు బెంచీకి, ఒకసారి పార్కు మాలీ చెప్పులకు కొట్టాను. "దీదీ, మేరీ చప్పల్!" అని ఆయన గెంతితే నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. మా అమ్మాయే ఒక ఉపాయం కనిపెట్టింది.

"మమ్మీ, నువ్వు బయట నిలబడి చూడకు. అందర్ బైఠో. డ్రైవర్ నువ్వే అనుకో."

బండి లోపల కూర్చున్నట్టు ఊహించుకోవడం మొదలుపెట్టాక, బండితో పాటు నా భుజాలు కూడా తిరిగేవి. చూసేవాళ్లకు డాన్సులా ఉండేదేమో. మూడో ఆదివారానికి రెండు ఇటుకల మధ్య నుంచి తాకకుండా పోనిచ్చాను. నాలుగో ఆదివారం మట్టి దిబ్బ ఎక్కించాను. బండి గాల్లోకి లేచింది. దిగేటప్పుడు బోర్లా పడింది. అయినా నేను ఎగిరి గెంతాను. మంకీ క్యాప్ పెద్దాయన చప్పట్లు కొట్టారు.

విరిగినవీ విరిగాయి. ముందు చక్రం పట్టుకునే ప్లాస్టిక్ చెయ్యి రెండుసార్లు పోయింది. మా ఆయన డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి, స్క్రూలన్నీ ఇడ్లీ పళ్లెం గుంటల్లో వరుసగా పెట్టుకుని బాగు చేసేవారు. ఏ గుంటలోది ఎక్కడికి వెళ్లాలో ఆయనకే తెలుసు. ఆ రోజుల్లో ఇడ్లీ తినాలంటే ముందు ఆయన్ని అడగాల్సి వచ్చేది.

ఆరు నెలలు ఆగమంది గానీ, మూడు నెలలకే మేం లిపో కోసం వెళ్లాం. షాపావిడ నన్ను కౌంటర్ ముందు నిలబెట్టి పరీక్ష పెట్టింది.

"ముందు ఏది ఆన్ చేస్తావు, బండా రిమోటా?"

"రిమోట్. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. లేకపోతే బండి ఎవరి మాటా వినకుండా పరుగెత్తవచ్చు."

"ఇప్పుడే నడిపిన బ్యాటరీ వేడిగా ఉంది. చార్జింగ్ పెడతావా?"

"చల్లారనిస్తాను."

"చార్జింగ్ పెట్టి మార్కెట్‌కి వెళ్తావా?"

"పక్క గదికి కూడా వెళ్లను."

"పాస్," అంది ఆవిడ. లిపోకి తగిన చార్జర్ ఇచ్చింది. బ్యాటరీ లోపలుండే రెండు సెల్లూ సమానంగా నిండేలా చూసే చార్జర్ అది. బ్యాటరీ మీద రాసిన దానికి మించి వేగంగా నింపొద్దని చెప్పింది. నిప్పుకు తట్టుకునే సంచీ ఇచ్చింది. అగ్గిపెట్టెలో సగం ఉండే అలారం ఒకటి ఇచ్చింది. బ్యాటరీ తగ్గగానే అది కీచుమని అరుస్తుంది. "ఇది అరిచిందంటే ఆట అయిపోయినట్టే. ఇంకొక్క రౌండు అనే మాట ఉండకూడదు. పూర్తిగా పిండేస్తే లోపల పాడవుతుంది, మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు పగ తీర్చుకుంటుంది." ఇంకోటి కూడా చెప్పింది. వాడని రోజుల్లో నిండుగా ఉంచొద్దు, ఖాళీగా ఉంచొద్దు, సగంలో ఉంచమంది. చార్జర్‌లో దానికోసం వేరే మీట ఉంది.

ఇంటికి వచ్చి బాల్కనీలో కర్టెన్‌కి దూరంగా గచ్చు మీద పెద్ద మట్టి కుండీ పెట్టాం. సంచీలో బ్యాటరీ, కుండీలో సంచీ, పక్కన కుర్చీలో నేను. రోగి పక్కన చార్టు పెట్టినట్టు ఒక చార్టు రాసి గోడకు అంటించాను. ఎప్పుడు పెట్టాం, ఎప్పుడు తీశాం, ఎవరు కూర్చున్నారు, చేత్తో తాకితే ఎలా ఉంది. మా ఆయన కింద సంతకం చేసే గీత కూడా గీశారు. మా అమ్మాయి మా ఇద్దరినీ చూసి, "యూ టూ ఆర్ సో వియర్డ్," అంది. కానీ ప్రతిసారీ అందరికంటే ముందు తన పేరు రాసేది అదే.

ఇన్ని రూళ్లు పెట్టిన నేనే తప్పు చేశాను.

జూన్ ఎండల్లో ఒక ఆదివారం పొద్దున్నే ద్వారకలో స్నేహితుల సొసైటీ గ్రౌండుకు వెళ్లి నడిపాం. అక్కడి నుంచి నేరుగా చర్చికి వెళ్లాం. బండి ఇంటికి వచ్చింది గానీ, బ్యాటరీ సంచీ మేం తిరిగే కారు డిక్కీలోనే ఉండిపోయింది. మరునాడు డ్యూటీకి అదే కారులో వెళ్లి, ఆస్పత్రి బయట ఎండలో రోజంతా నిలిపాను. ఢిల్లీ జూన్ ఎండంటే తెలిసిందే, స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సాయంత్రం ఇంటి దగ్గర కూరగాయల సంచీ తీద్దామని డిక్కీ తెరిస్తే, ఆ సంచీ కనిపించింది. జిప్పు కొంచెం తీసి చూశాను. అట్టపెట్టెలా బల్లపరుపుగా ఉండాల్సిన బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

పక్కనున్న మా అమ్మాయి, "మమ్మీ, ఛూనా మత్! ముట్టుకోకు!" అని అరిచింది. గేటు దగ్గర కాపలా ఆయన పరుగెత్తుకొచ్చారు.

వార్డులో ఏదైనా జరిగితే నా గొంతు తనంతట తనే నెమ్మదిస్తుంది. అప్పుడూ అలాగే అయింది. "భయ్యా, మెట్ల దగ్గర నిప్పు ఆర్పే ఇసుక బక్కెట్లున్నాయి కదా, ఒకటి తెండి. నువ్వు నాన్నని పిలువు, వంటింట్లో ఓవెన్ గ్లవ్స్ తెమ్మను. ఇటు ఎవర్నీ రానివ్వకండి."

బక్కెట్ వచ్చింది. దాని నిండా బీడీ ముక్కలు, పాన్ ఉమ్ము. ఇసుక అడుగున ఎక్కడో ఉంది. రెండో బక్కెట్‌లో ఎవరో తులసి మొక్క నాటారు. మూడోది కొంచెం నయం. ఇంతలో మా ఆయన లుంగీ మీదే చేతులకు పువ్వుల గ్లవ్స్ తొడుక్కుని దిగారు. గ్లవ్స్ ఇమ్మంటే ఇవ్వలేదు. "నువ్వు చెప్పు, నేను పెడతాను," అన్నారు.

"నొక్కొద్దు. వంచొద్దు. సంచీతో సహా నెమ్మదిగా ఎత్తండి. అలాగే. ఇసుకలో పెట్టండి. పైన ఇంకొంచెం ఇసుక పోయండి."

కార్లకూ గోడకూ దూరంగా, ఖాళీ స్థలం మధ్య ఆ బక్కెట్ పెట్టి మేం వెనక్కి వచ్చాం. ఏమీ కాలేదు. పొగ రాలేదు, నిప్పు రాలేదు. సొసైటీ సెక్రటరీ గారు వచ్చి దూరంగా నిలబడి, "ఆంటీ కారు బ్యాటరీకా ఇంత హంగామా?" అన్నారు.

"హంగామా అవసరం లేకుండా పోయింది కదండీ, అందుకే నవ్వుతున్నాం. కానీ నిజంగా అంటుకుంటే మనం దాని మీద పాన్ పోసేవాళ్లం," అన్నాను. ఆయనకు కొంచెం తగిలినట్టుంది. ఆ వారంలోనే బక్కెట్లన్నీ కడిగించి, కొత్త ఇసుక పోయించారు. తులసి మొక్కకు వేరే కుండీ వచ్చింది.

షాపావిడకు ఫోన్ చేస్తే, రెండు రోజులు బయటే ఉంచి, తర్వాత అదే ఇసుకతో డబ్బాలో పెట్టి కిటికీలు తెరుచుకుని తెమ్మంది. చెత్తబుట్టలో వేయొద్దని రెండుసార్లు చెప్పింది. పాత బ్యాటరీలు తీసుకెళ్లేవాళ్లకు అప్పగించే డబ్బా తన దగ్గర ఉంది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ఆవిడ డబ్బాలోకి తొంగిచూసి, "నా మొదటిది ఇంతకంటే బాగా ఉబ్బింది," అని నాకు చాయ్ తెప్పించింది. ఇంటికి వచ్చి చార్టు కింద ఒక వాక్యం కలిపాను: కారులో వదలరాదు. ఆ వాక్యం ఎవరి వల్ల వచ్చిందో మా అమ్మాయి పక్కన బాణం గుర్తుతో రాసింది.

ఇక చర్చి సంగతి. మా తెలుగు సంఘంలో సగం మంది నర్సులే. క్రిస్మస్‌కు పిల్లల నాటకం ప్రతి ఏడాదీ ఉంటుంది. దాన్ని నడిపేది లక్ష్మీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉంటూ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న నెల్లూరు అమ్మాయి. క్రితం ఏడాది జ్ఞానులకు బాల యేసు దగ్గరికి దారి చూపే నక్షత్రాన్ని తాడు మీద లాగితే అది సగంలో ఇరుక్కుపోయింది. ముగ్గురు జ్ఞానులు మెడలు పైకెత్తి నిలబడి నిలబడి, చివరికి ఒకడు ఏడ్చేశాడు.

"అక్కా, మీ కారు మీద నక్షత్రం పెడితే నడుస్తుందా?" అని ఆ అమ్మాయి డిసెంబరు మొదట్లో అడిగింది.

"నడవదు, పడిపోతుంది," అన్నాను. అలా అన్నానే గానీ ఆ సాయంత్రమే మా హాల్లో పైపు ముక్కా థర్మకోలూ విడిగా సెల్లుతో వెలిగే చిన్న దీపాలూ పరిచి కూర్చున్నాం. నేనన్నట్టే మొదటి మలుపులో నక్షత్రం బండిని కూడా తీసుకుని పడింది. మా అమ్మాయి పైపును సగం చేసింది. మా ఆయన బండికి రెండు వైపులా, నేలకు దగ్గరగా, చెరో కందిపప్పు పొట్లం టేపుతో కట్టారు. సగం వేగం మీట వేసి నడిపితే నక్షత్రం తల ఊపుకుంటూ నిదానంగా కదిలింది. చూడటానికి అచ్చం దారి వెతుక్కుంటున్నట్టే ఉంది.

నాటకం రోజు చర్చి నిండిపోయింది. నేను పాటల బృందం వెనక రిమోట్‌తో కూర్చున్నాను. దీపాలు తగ్గించారు. తలుపు దగ్గర నుంచి నక్షత్రం బయలుదేరింది. వెనక ముగ్గురు జ్ఞానులు, అందరూ ఎనిమిదేళ్ల లోపు వాళ్లే. మధ్యలో ఉన్నది ఒక పాప, వాళ్ల అమ్మమ్మ పట్టుచీరను అంగీలా చుట్టారు. బెంచీల మధ్య దారిలో సగం వచ్చాక ఆ చీర అంచు కాళ్లకు చుట్టుకుని పాప బోర్లా పడింది. చేతిలోని సాంబ్రాణి డబ్బా దొర్లిపోయింది. మిగతా ఇద్దరు ఆగారు. నక్షత్రం మాత్రం ముందుకు వెళ్లిపోతోంది.

పాప తల ఎత్తి, వెళ్లిపోతున్న నక్షత్రాన్ని చూసింది. కింది పెదవి వణకడం నాకు అంత దూరం నుంచీ కనిపించింది.

ఆలోచించలేదు. బండిని ఆపి, నెమ్మదిగా వెనక్కి పోనిచ్చాను. నక్షత్రం తల ఊపుకుంటూ, బెంచీల మధ్య నుంచి వెనక్కి వెనక్కి వెళ్లి, పాప ముందు ఆగింది. ఎవరో ముసలావిడ, "అయ్యో తండ్రీ, నక్షత్రం ఎనక్కొచ్చిందర్రా!" అంది. నవ్వులు, చప్పట్లు, స్తోత్రాలు కలగలిసిపోయాయి. పాప లేచి, చీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుని, సాంబ్రాణి డబ్బా ఏరుకుని, మళ్లీ నడిచింది.

బాల యేసు పడుకున్న పశువుల తొట్టి ఇంకా పది అడుగులుందనగా అలారం కీచుమంది. పొద్దున రెండుసార్లు రిహార్సల్ చేశాం, బ్యాటరీ మార్చడం మరిచిపోయాం. పాస్టరు గారు అప్పుడే వచనం చదవడం మొదలుపెట్టారు. ఆయన ఒక మాట, అలారం ఒక కీచు. పక్కన మా అమ్మాయి నా చెవిలో, "మమ్మీ, పది అడుగులే కదా, చలాదో, నడిపెయ్," అంది.

చెయ్యి ఊరుకోలేదు, నిజం చెప్పాలి. కానీ అంతమంది పిల్లలు, ఎండుగడ్డి, అట్టతో చేసిన గొర్రెలు. పైగా ఆగాల్సిన చోట ఆగకపోతే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? బండి ఆపేసి రిమోట్ మీద నుంచి వేళ్లు తీసేశాను. ముందు వరసలో ఉన్న మా ఆయనకు సంగతి అర్థమైంది. ఉన్న ఒక్క సూటూ వేసుకుని వచ్చిన మనిషి, మోకాళ్ల మీద గొర్రెల మధ్య నుంచి పాక్కుంటూ వెళ్లి, బండి స్విచ్ ఆపి, బ్యాటరీ ఊడదీసి, మళ్లీ అలాగే పాక్కుంటూ వెనక్కి వచ్చారు. కీచు ఆగింది.

జ్ఞానులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే, ఇందాక పడిపోయిన పాప సాంబ్రాణి డబ్బా పక్కవాడికిచ్చి, వంగి, కందిపప్పు పొట్లాలతో సహా ఆ బండిని రెండు చేతులా ఎత్తుకుంది. బరువుకు వెనక్కి వాలిపోతూ, వెలుగుతున్న నక్షత్రాన్ని పది అడుగులూ మోసుకెళ్లి తొట్టి ముందు పెట్టింది. నా పక్కనున్న సీనియర్ సిస్టర్ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాదీ అదే పని.

ఆరాధన అయ్యాక బిర్యానీ వడ్డిస్తుంటే పాస్టరు గారు మా దగ్గరికి వచ్చారు. "ముప్పై ఏళ్లుగా జ్ఞానుల మీద ప్రసంగాలు చేస్తున్నానమ్మా. నక్షత్రం వాళ్లకోసం ఆగి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అది నడపడం కష్టమా?" అని అడిగారు.

నెల్లూరు అమ్మాయి పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఈస్టర్‌కి యేసు సమాధి రాయి దొర్లించాలి. మీ బండి లాగుతుందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన జేబులోంచి పెన్ను తీశారు. "రాయి దేంతో చేస్తున్నారు, థర్మకోలా, అట్టా? బరువెంత ఉంటుంది?" అంటూ పేపరు నాప్కిన్ మీద బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఆయన భుజం మీదుగా వంగి, "డాడీ, కొక్కెం వెనక కాదు, నీచే, కింద," అని పెన్ను లాక్కుంది. నేను వాళ్లిద్దరి పళ్లేల్లో ఇంకో గరిటె బిర్యానీ వేసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.